పూతరేకు వెనక లెక్కలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మన సంఘానికి 50 ఏళ్లు నిండాయి. ఇంజనీరుకు మైకు ఇస్తే వంతెనల గురించో, సాఫ్ట్‌వేర్ గురించో చెబుతాడని కొందరు కంగారు పడుతున్నట్టున్నారు. నేను తిండి గురించే మాట్లాడతాను. భోజనాలకు ముందు నా వంతు పెట్టారు కాబట్టి అదే న్యాయం.

ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం ఆహార పరిశ్రమల్లోనే. సరుకు ఆరబెట్టే యంత్రాలు, ప్యాకింగ్ లైన్లు, గిడ్డంగులు నా పని. ఆ అనుభవంతో మన చుట్టుపక్కల ఊళ్లను చూస్తే నాకు ఒక సంగతి కనిపిస్తుంది. మన గోదావరి జిల్లాల్లో ఊరి పేరు చెబితే నోట్లో రుచి మెదులుతుంది. తాపేశ్వరం అంటే కాజా. రాజమండ్రి అంటే రోజ్ మిల్క్. ఆత్రేయపురం అంటే పూతరేకు. రుచికి లోటు లేదు, కొనేవాళ్లకు కరువు లేదు. అయినా ఇంట్లో పొయ్యి పెట్టి వ్యాపారం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే ఆపేస్తున్నారు. ఎందుకని? ఒక్కరి చేతికి అందని పనులు నాలుగైదు ఉన్నాయి. వాటి దగ్గరే ఆగిపోతున్నారు. ఆ పనులకు ఊరు చేయి కలపాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే.

పూతరేకునే తీసుకుందాం. బియ్యం నానబెట్టి, రుబ్బి, పల్చటి జావలా చేస్తారు. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పల్చటి గుడ్డను జావలో ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. రెప్పపాటులో నీరు ఆవిరై కాగితం కంటే పల్చటి రేకు మిగులుతుంది. ఆవిరి గురించి మన సైన్సు మాస్టారు పాఠం చెప్పారు, నేను మార్కులు తెచ్చుకున్నాను. ఆ పాఠాన్ని రోజూ కొన్ని వందలసార్లు చేతితో చేసి చూపించేది మాత్రం ఆ ఇళ్లలోని ఆడవాళ్లు. వేడి ఎదుట, పొగలో, గంటల తరబడి కూర్చుని.

ఇప్పుడు అసలు చిక్కు. ఉత్త రేకు పొడిగా ఉన్నంతకాలం నిలవ ఉంటుంది. అందులో నెయ్యి, బెల్లం పడగానే కథ మారుతుంది. బెల్లం గాలిలోని తేమను లాక్కుంటుంది. నెయ్యికి గాలి, వెలుతురు తగిలితే వాసన మారుతుంది. మరి డబ్బా మీద ఎన్నాళ్లలోగా తినాలని రాయాలి? ఊహించి రాస్తే కుదరదు. చట్టప్రకారం ఆ తేదీకి తయారీదారే బాధ్యులు. ప్రయోగశాలలో పరీక్ష చేయించడం ఒక్క ఇంటికి భారం. ఇరవై ఇళ్లు పంచుకుంటే తేలిక. కాకపోతే ఒక షరతు ఉంది. ఇరవై ఇళ్లలోనూ కొలతలు, పద్ధతి, డబ్బా ఒకేలా ఉంటేనే ఆ ఫలితం అందరికీ వర్తిస్తుంది. అందుకే పరీక్ష కంటే ముందు, చేతి అంచనాలో ఉన్న కొలతలను కాగితం మీదకు ఎక్కించాలి.

ఇక డబ్బు సంగతి. మా వీధిలో ఒక అక్క ఉండేది. ఆవిడ చేతి రేకుకు మంచి పేరు. ఒక పెద్ద దుకాణాల సంస్థ నుంచి పండక్కి ఆర్డరు వచ్చింది. వీధంతా సంతోషించింది. నెయ్యి అరువు తెచ్చింది, మరో నలుగురిని కూలికి పెట్టుకుంది, చెప్పిన రోజుకు సరుకు పంపింది. సరుకు బాగుందన్నారు. డబ్బు మాత్రం ఆరు నెలలకు వచ్చింది. ఈలోగా నెయ్యి కొట్టువాడికి వడ్డీ కట్టలేక ఆవిడ గాజులు అమ్ముకుంది. తరవాత మళ్లీ పొయ్యి వెలిగించలేదు. ఆవిడ వ్యాపారం ఆర్డర్లు లేక మూతపడలేదు. పెద్ద ఆర్డరు వచ్చి మూతపడింది.

లెక్క చూడండి. నెలకు లక్ష రూపాయల సరుకు అమ్మే ఇంటికి బియ్యం, నెయ్యి, బెల్లం, కూలి కలిపి 80 వేలు ఖర్చవుతుంది అనుకుందాం. డబ్బు మూడు నెలలు ఆలస్యమైతే 2 లక్షల 40 వేలు సొంతంగా తిప్పుకోవాలి. వ్యాపారం రెట్టింపైతే అది 4 లక్షల 80 వేలవుతుంది. లాభం చేతికి రాకముందే అప్పు రెట్టింపవుతుంది. పెరగమని ఆశీర్వదించేవాళ్లం ఈ లెక్క కూడా చూడాలి.

దీనికి చట్టం ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, ఉద్యం నమోదు ఉన్న చిన్న తయారీదారుకు కొన్నవారు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. ఈ సంగతి ఎందరికి తెలుసు? తెలిసినా, ఒంటరిగా ఉన్న మనిషి పెద్ద సంస్థను నిలదీయగలదా? వెనక ఒక సంఘం ఉంటే ఉత్తరం రాయగలదు.

చేయి కలిపి గట్టెక్కినవాళ్లు మన దేశంలో ఉన్నారు. 1959లో బొంబాయిలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో అప్పడాలు మొదలుపెట్టారు. అదే లిజ్జత్. పిండి కలపడం కేంద్రంలో, ఒత్తడం ఇళ్లలో, నాణ్యత చూడడం మళ్లీ కేంద్రంలో. వేలాది మహిళలు పనిచేస్తున్నా రుచి ఒకటే. వాళ్లే యజమానులు. తెలంగాణలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి చొరవతో సహకార సంఘం పుట్టింది. ఆ నేల మీదే తరవాత మహిళల పాల సంఘం లేచి, స్వకృషి పేరుతో పాలు అమ్ముతోంది. అరకు గిరిజన రైతుల కాఫీకి 2017లో ప్యారిస్‌లో దుకాణం తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక్కో రైతు తన బస్తాతో అంత దూరం వెళ్లగలిగేవాడు కాదు.

మన ఆత్రేయపురం పూతరేకుకూ 2023లో ఆ గుర్తింపు దక్కింది. దానికి పూనుకున్నది తయారీదారుల సంఘమే. అయితే గుర్తింపు వచ్చిందని చప్పట్లు కొడితే సరిపోదు. దాన్ని వాడుకోవాలంటే ఒక్కో తయారీదారు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. పదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. పేరు కాపాడుకోవడం కూడా రోజువారీ పనే.

యంత్రాల మాట అడుగుతారని తెలుసు. రేకు తీసే చేతిని మార్చే యంత్రం వైపు నేను పరుగెత్తను. ఆ పల్చదనం కోసమే జనం కొంటున్నారు. రుబ్బడం, బెల్లం పొడి చేయడం, తూకం, డబ్బాకు సీలు వేయడం యంత్రానికి ఇవ్వవచ్చు. అన్నిటికంటే ముందు పొగ బయటికి పోయే పొయ్యి, గొట్టం కావాలి. పొగలో కూర్చోడానికి కూతురు ఒప్పుకోకపోతే అమ్మతోనే ఆ విద్య ఆగిపోతుంది. ఒప్పుకోని కూతుర్ని నేను తప్పు పట్టను. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకంలో ఇలాంటి యూనిట్లకు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రాయితీ పెట్టారు. పొదుపు సంఘం సభ్యురాలికి తిప్పుకునే పెట్టుబడిగా, చిన్న పనిముట్లకు 40 వేల వరకు ఇచ్చే ఏర్పాటు పెట్టారు. ఇందాక చెప్పిన 2 లక్షల 40 వేల పక్కన ఈ 40 వేలు పెట్టి చూడండి. మిగతాది ఎవరు పూడ్చాలి?

అక్కడే మన సంఘం పని మొదలవుతుంది. నా ప్రతిపాదనలు నాలుగు. ఒకటి, స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగం తిరుగు నిధిగా పక్కన పెడదాం. ఆర్డరు, సరుకు అందిన రసీదు చూసి తయారీదారుకు ముందే డబ్బు ఇద్దాం. కొన్న సంస్థ చెల్లించగానే అది నిధికి తిరిగి చేరుతుంది. ఇది దానం కాదు, కాబట్టి లెక్క గట్టిగా ఉండాలి. రెండు, మన బ్యాచిలలో ఆడిటర్లు, లాయర్లు, కెమిస్టులు ఉన్నారు. నెలకొక ఆదివారం ఒకరు వచ్చి ఉద్యం, ఆహార భద్రత నమోదు, లేబులు, 45 రోజుల ఉత్తరం చూసిపెట్టాలి. మూడు, ఉమ్మడి పరీక్షల ఖర్చు, కొలతల పుస్తకం తయారీ సంఘం భరించాలి. పొయ్యి, గొట్టం డిజైను నేను ఉచితంగా చేసిస్తాను. నాలుగోది మనందరికీ. హైదరాబాదులో, బెంగళూరులో, డల్లాస్‌లో ఉన్నవాళ్లం పండక్కి రెండు రోజుల ముందు ఫోను చేసి తొందర పెట్టకుండా, నెల ముందే ఆర్డరు ఇచ్చి సగం డబ్బు పంపుదాం. మన ఊరే కదా అని తగ్గించమని అడగకుండా ఉందాం. బాగాలేకపోతే మొహమాటపడకుండా చెబుదాం. నచ్చని సరుకును జాలితో కొంటే ఆ ఇంటికి మనం చేసేది మేలు కాదు.

బడి ముందు ముఖద్వారం కట్టాలని కొందరు మిత్రుల కోరిక. నేను కాదనను. దానికి నా వంతు చందా కూడా ఇస్తాను. కానీ ఈ బడిలో చదివే పిల్లల్లో కొందరి ఫీజు ఆ కుండల మంట నుంచే వస్తోందని మన మాస్టార్లకు బాగా తెలుసు. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో తిరుగు నిధి తీర్మానం పెడుతున్నాను. ఆకుల్లో పూతరేకు వడ్డిస్తారట. తిన్నాకే చేతులెత్తండి.