ముద్ద ముట్టని మధుమేహపు పిల్లి

పిల్లి అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది పాలగిన్నె. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతలోనే స్థిరపడిపోయింది. పాలన్నం, పెరుగన్నం పెట్టి పిల్లిని సాకడం సొంత ఊరి నుండి నగరానికి వెంట వచ్చిన అలవాటు. ఊరిలో పిల్లి గోడలెక్కి, ఎలుకలను వేటాడి ఆ అన్నాన్ని అరిగించుకునేది. మూడవ అంతస్తులో, మూసిన తలుపుల వెనుక పెరిగే పిల్లికి ఆ అవకాశం లేదు. అది లావెక్కుతుంది. నడివయసు దాటాక కొన్నింటికి మధుమేహం వస్తుంది. మగపిల్లులలో ఈ ముప్పు మరింత అధికం.

మాటిమాటికి నీరు తాగడం, మూత్రం హెచ్చుగా పోయడం, తింటున్నా చిక్కిపోవడం దీని ప్రధాన లక్షణాలు. కొన్ని పిల్లులు వెనుక కాళ్ళ మడమలను నేలకు ఆనించి నడుస్తాయి. సాధారణంగా రోజుకు రెండు పూటలా, పన్నెండు గంటల ఎడంతో ఇన్సులిన్ ఇస్తారు. తొలిదశలోనే చికిత్స మొదలై, పిండిపదార్థాలు తగ్గితే, కొన్నింటికి కొంతకాలానికి సూది అవసరమే తప్పవచ్చు.

అసలు చిక్కు పిల్లి ముద్ద ముట్టని పూట వస్తుంది. తినని పిల్లికి మామూలు మోతాదు వేస్తే రక్తంలో చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. అలాగని సూదిని వరుసగా మానివేస్తే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. అదీ ప్రాణాంతకమే. కనుక ముందు ఆహారం, తరువాత సూది. తినకపోతే సూదికి ముందే వైద్యునికి ఫోను చేయాలి. తినని పూట ఏమి చేయాలో తొలి రోజునే వైద్యునిచేత వ్రాయించుకోవడం ఉత్తమం. ఒక రోజంతా ఏమీ తినని పిల్లిని ఇంటిలో ఉంచుకోరాదు. లావుపాటి పిల్లి పస్తుంటే కాలేయంలో కొవ్వు చేరుతుంది. వాంతులు, నీరసం తోడైతే అదే పూట ఆసుపత్రికి చేర్చాలి.

ఆకలి మందగించడానికి పంటినొప్పి, క్లోమం వాపు, మూత్రపిండాల జబ్బు వంటి కారణాలుండవచ్చు. పిల్లి వాసన చూసి తింటుంది. ఆహారాన్ని గోరువెచ్చగా చేసి కొద్దికొద్దిగా పెట్టాలి. ఉడికించిన కోడిమాంసం, చేప మంచివే. ఉల్లి, వెల్లుల్లి మాత్రం పిల్లికి విషం. కూరలోని ముక్కను కడిగి పెట్టినా ప్రమాదమే. ఆహారం మార్చే ముందు వైద్యునికి తెలపాలి. పిండిపదార్థాలు తగ్గితే ఇన్సులిన్ మోతాదూ తగ్గించవలసి రావచ్చు.

సిరంజి విషయంలో ఏమరుపాటు పనికిరాదు. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ దొరుకుతాయి. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో తీస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. సీసాపై ఉన్న అంకె, సిరంజిపై ఉన్న అంకె ఒకటిగా ఉండాలి.

సూది వేసిన పిమ్మట పిల్లి తూలినా, వణికినా, సోలిపోయినా చిగుళ్ళకు తేనె గాని గ్లూకోజు పాకం గాని పూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్పృహ లేనప్పుడు నోటిలో ఏమీ పోయరాదు.

చెన్నై వేపేరిలో 1903లో వెలసిన పశువైద్య కళాశాలకు, బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాలకు వెళ్ళే తెలుగు కుటుంబాలలో పెద్దలకు స్థానిక భాషలో జబ్బు వివరించడం కష్టం కావచ్చు. అందుకు ఒక చిన్న పుస్తకం చాలు. తేదీ, వేళ, తిన్న పరిమాణం, తాగిన నీరు, ఇచ్చిన యూనిట్లు, వారానికొకసారి బరువు అంకెలలో వ్రాసి ఉంచితే ఏ భాష వైద్యుడైనా చదువుకోగలడు. సంక్రాంతికి ఊరు వెళ్ళేటప్పుడు పిల్లిని చూసే పొరుగువారికీ ఆ పుస్తకమే ఆధారం.

చివరగా, వాడిన సూదులు తడిచెత్తలోనూ పొడిచెత్తలోనూ వేయరాదు. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాటిని గృహ ప్రమాదకర వ్యర్థాలుగా పేర్కొన్నాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, విడిగా అప్పగించాలి. చెత్త ఏరే చేతికి సూది గుచ్చుకోకుండా చూడడమూ ఈ సంరక్షణలో భాగమే.