కలం పట్టిన కాళహస్తి

జపాన్‌లో నవోషిమా అని ఓ చిన్న దీవి ఉంది. జనాభా మూడు వేలు. రాగి శుద్ధి చేసే కర్మాగారం ఉన్న ఆ దీవిలో 1992లో ఒక మ్యూజియం వెలిసింది. ఇప్పుడు బొమ్మలంటే ప్రాణం పెట్టేవాళ్లు పడవెక్కి మరీ అక్కడికి పోతున్నారు. బొమ్మలు చూడాలంటే మన గూడూరు వాళ్లకు పడవతో పనిలేదు. జంక్షన్‌లో రేణిగుంట వైపు బండెక్కితే, వెంకటగిరి దాటాక శ్రీకాళహస్తి. రాహుకేతు పూజ చేయించుకుని తిరుగు బండికి పరుగెత్తేవాళ్లే ఎక్కువ. గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీ పనివాళ్ల దగ్గర ఓ పూట కూర్చునేవాళ్లు తక్కువ.

కలమంటే వెదురుపుల్లే. మొన చెక్కి, కాస్త పైన గుడ్డనో ఉన్నినో ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. రంగులో ముంచి, ఆ ఉండను వేళ్లతో నొక్కుతూ గీస్తారు. నొక్కు ఎక్కువైతే చుక్క పడుతుంది. పడితే చెరిపే దారి లేదు.

గుడ్డను ముందే కరక్కాయ కలిపిన బర్రెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలో కొవ్వు రంగును పాకనివ్వదు. తుప్పు ఇనుము, బెల్లం వేసి వారాల తరబడి పులియబెట్టిన నీళ్లు కుండలో అంత నల్లగా ఉండవు. కరక్కాయ పట్టిన గుడ్డ తగిలాకే నల్లబడతాయి. ఎరుపు ఇంకా విచిత్రం. ఎర్రగా రావాల్సిన చోట పూసేది పటికనీళ్లు. గుడ్డను మంజిష్ఠ వేర్లతో మరిగిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతాది వదిలించడానికి పారే నీళ్లు కావాలి, అందుకే సువర్ణముఖి నది. ఏరు ఎండిన ఏడు వీళ్ల అవస్థ చెప్పనక్కర్లేదు.

గుళ్లలో తెరలుగా బతికిన ఈ పని ఒకప్పుడు కొడిగట్టింది. చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ మొదలైంది. నేర్పినవారు జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు. ఆయన కుమారుడు గుర్రప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. రామాయణం తెర కనబడితే తొందరపడకుండా ఒక్కో గడీ చూడండి, బొమ్మతోపాటు కథ తెలుగులో రాసి ఉంటుంది.

కొనేటప్పుడు ఒక మాట. పెడన అచ్చుపని వేరే విద్య, చెక్క అచ్చులతో వేసేది, దాన్ని తక్కువ చేయను. మిషను ప్రింటును చేతిగీత అని అంటగట్టేవాళ్లతోనే పేచీ. పక్కపక్కనున్న రెండు నెమళ్లను పోల్చి చూడండి. రెండూ మక్కీకి మక్కీగా ఉంటే అది కలం పని కాదు. చేత్తో గీసినవైతే ఒకదాని మెడ రవ్వంతైనా అటో ఇటో ఒరుగుతుంది.