తిరిగి వచ్చిన సైనికుడు

మాది పిట్టలవానిపాలెము, కృష్ణా పశ్చిమ డెల్టాలో బాపట్లకు చేరువనున్న యూరు. డిసెంబరు మాసము వచ్చినచో మాకు వరికోతలు, కుప్పలు, నూర్పిళ్లు తప్ప వేఱు తలంపుండదు. ఆ పనుల నడుమనే 7వ తేదీన సాయుధ దళముల పతాక దినము వచ్చును. 1949వ సంవత్సరము నుండి దీనిని జరుపుచున్నారు. ఎఱుపు, ముదురు నీలము, లేత నీలము రంగులుగల చిన్న జెండా మూడు దళములకును గుర్తు. ఆనాడు పోగైన చందా అమరుల కుటుంబములకును, గాయపడిన వారికిని, మాజీ సైనికులకును వినియోగపడును. మంచిదే. కాని మన ఋణము ఆ చందాతో తీరునా?

అమరులకు నివాళి యర్పించుట మన పల్లెలకు ఒకరు నేర్పవలసినది కాదు. బాపట్ల మండలము దరివాద కొత్తపాలెమునకు చెందిన సిపాయి మరుప్రోలు జశ్వంత్ రెడ్డి 2021 జూలై 8న జమ్మూ కాశ్మీరములో ఉగ్రవాదులతో పోరాడుచు వీరమరణము నొందెను. సైనిక లాంఛనములతో అంత్యక్రియలు జరిగినపుడు ఈ ప్రాంతమంతయు ఆ తల్లిదండ్రుల దుఃఖమును తన దుఃఖముగా భావించెను.

అయితే ప్రాణములతో తిరిగివచ్చిన వాని మాట యేమి? అతనికి పూలదండలు లేవు, ఊరేగింపు లేదు. సామాన్య సిపాయి నలువది యేండ్లు నిండకమునుపే పెట్టె సర్దుకొని బస్సు దిగును. పిల్లలు చదువులలో నుందురు. చేయవలసిన బ్రతుకు ముందున్నది. ఊరు మాత్రము అతనిని మఱచియుండును.

ఒక సంగతి దాపఱికము లేక చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట ఒక కార్యాలయమున మేము పనిమీద వేచియుంటిమి. మాజీ హవల్దారొకరు అక్కడ నిలుచుండిరి. సైన్యమువారిచ్చిన విడుదల పుస్తకములో భార్య పేరు ఒక తీరుగను, ఆధారు కార్డులో వేఱొక తీరుగను ఉన్నదట. తాను పోయిన పిదప ఆమెకు పింఛను చిక్కుపడునేమోయని ఆయన భయము. అప్పటికి నాలుగు మారులు తిరిగిరట. మంచుకొండలలో కాపలా కాచిన ఆ మనిషికి, బల్లమీద జరిగి చోటిచ్చిన వారు లేరు. మేమును జరుగలేదు. అది తలంచిన నేటికిని మాకు సిగ్గగును.

తరువాత ఆ పని చక్కబెట్టినది ఏ పెద్దమనిషియు కాదు. చదువుకొన్న కుఱ్ఱవాడొకడు ఒక పూట కూర్చుండి అర్జీలు వ్రాసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు ఆయన వెంట వెళ్లెను. అంతే. కృతజ్ఞత యనగా ఆ కుఱ్ఱవాడు చేసిన పని యని మాకు అప్పుడు తెలిసినది.

ఇకమీదట ఇట్టి అవసరము పెరుగును. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పథకము ప్రకారము చేరినవారు నాలుగేండ్లు సేవ చేయుదురు. నాడు చెప్పిన లెక్కను బట్టి నలుగురిలో ఒక్కరికి మించి సైన్యములో నిలువరు. తక్కిన వారు చిన్నవయసుననే ఇల్లు చేరుదురు. వారికి పొగడ్తకంటె పని ముఖ్యము.

పశ్చిమ గోదావరి ప్రాంతమున మాధవరమను ఊరున్నది. తరతరములుగా ఇంటింటినుండి బిడ్డలు సైన్యమునకు పోవుటచే దానికి మిలిటరీ మాధవరమని పేరు వచ్చినది. అన్ని ఊళ్లును మాధవరములు కానక్కఱలేదు. కాని తన యూరినుండి ఎవరెవరు వెళ్లిరో, ఎవరు తిరిగి వచ్చిరో ప్రతి యూరును ఎఱిగియుండవచ్చును గదా! పంచాయతీ గోడమీద ఆ పేర్లు వ్రాయింపవచ్చును. సరిహద్దునున్న వాని యింట వృద్ధులుండిన, కోతల వేళ ఇద్దరు మనుషులను పంపవచ్చును. సేవ ముగించి వచ్చినవానిని బడికి పిలిచి, తాను చూచిన దేశమును గూర్చి పిల్లలకు చెప్పుమని కోరవచ్చును.

ఈ పతాక దినమున చిన్న జెండా కొనుడు. దానిని తగిలించుకొని, మీ వీధిలోని మాజీ సైనికుని యింటికి ఒకమారు పోయి, "మా వలన కావలసిన పని యేమైన నున్నదా?" యని అడుగుడు. మేమును అట్లే చేయ నిశ్చయించుకొంటిమి. ఆనాడు బల్లమీద ఇయ్యని చోటును ఇకనైన ఇయ్యవలెను గదా!