కారు మార్చే ముందు కాగితం చదవండి



కారు మాట ఎత్తగానే అది మగవాళ్ల వ్యవహారం అంటారు. కాని కారు కొనే డబ్బు ఎక్కడిది? ఇల్లాలి పొదుపు డబ్బు. లేకపోతే ఆమె గొలుసు కుదువ పెట్టిన డబ్బు. అప్పు కాగితం మీద సంతకం కూడా ఆమెనే పెట్టమంటారు. మరి అది ఆమె వ్యవహారం కాకుండా ఎలా పోతుంది?

ఒక ఇంటి సంగతి అనుకోండి. ఇంటాయన కారు కిరాయికి తోలతాడు. కారు పాతబడింది. పొద్దున్నే స్టార్ట్ కాదు. నలుగురు తొయ్యాలి. ఒక రాత్రి నొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి గంట పట్టింది. తల్లీబిడ్డా బతికారు. కాని ఆ రోజు నుంచి ఊరివాళ్లు వేరే కారు పిలుస్తున్నారు.

"దీన్ని అమ్మేసి ఇంకోటి తీసుకుందాం" అన్నాడు ఇంటాయన.

"ఆగవయ్యా, ముందు లెక్క చూద్దాం" అంది ఆమె.

నోటుబుక్కు తెచ్చింది. నెలకు మరమ్మతు ఖర్చు 3,000 రూపాయలు. కారు షెడ్డులో పడి ఉన్న రోజులు నాలుగు. రోజుకు 800 చొప్పున పోయిన సంపాదన 3,200. మొత్తం 6,200 రూపాయలు. మరమ్మతు ఖర్చు అందరికీ కనబడుతుంది. పోయిన కిరాయి ఎవరికీ కనబడదు. రాసుకుంటేనే తెలుస్తుంది. కారు మార్చాల్సిందే అని తేలింది.

కొత్త కారుకు అంత డబ్బు లేదు. ఒకరు వాడిన మంచి కారు చూద్దాం అనుకున్నారు. చేతిలో ఉన్నది పోను లక్ష రూపాయలు అప్పు కావాలి. ఒకచోట నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీ అన్నారు. ఇంకోచోట కూడా 12 అనే అన్నారు. రెండూ ఒకటేనా? కాదు.

మొదటిది ఫ్లాట్ వడ్డీ. మూడేళ్లూ లక్ష మీదే వడ్డీ కడతారు. అసలు తీరుతున్నా వడ్డీ తగ్గదు. మూడేళ్లకు వడ్డీ 36,000. రెండోది తగ్గే బాకీ మీద వడ్డీ. తీరిన అసలుకు వడ్డీ ఉండదు. మూడేళ్లకు వడ్డీ సుమారు 19,600. తేడా 16,000 పైమాటే! అందుకే "వడ్డీ ఎంత?" అని అడిగి ఊరుకోవద్దు. "నెల వాయిదా ఎంత? ఎన్ని నెలలు? మొత్తం ఎంత కట్టాలి?" అని అడగాలి.

కారును పగటి వెలుతురులో చూడాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోందని అర్థం. కాళ్ల కింద చాప ఎత్తి చూడాలి. బురద, తుప్పు, ముక్క వాసన ఉంటే వరద నీళ్లలో మునిగిన కారు కావచ్చు. తెలిసిన మెకానిక్‌కు చూపించి, ఆ తర్వాతే బయానా ఇవ్వాలి.

ఇక కాగితాలు. సి-బుక్కు మీద ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఉంటాయి. కారు మీద ఉన్న నంబర్లతో ఒక్కొక్క అంకె సరిచూడాలి. అప్పు మీద కొన్న కారైతే ఫైనాన్స్ వాళ్ల పేరు ఉంటుంది. ఆ అప్పు తీరిందని వాళ్లు కాగితం ఇవ్వాలి. ఇన్సూరెన్సు తేదీ చూడాలి. కిరాయి కారుకు పర్మిటు, ఫిట్‌నెస్ ఉండాలి. ఎనిమిదేళ్లు దాటిన కిరాయి కారుకు ఫిట్‌నెస్ ఏటా చేయించాలి.

కొనేటప్పుడు అందరూ జాగ్రత్త పడతారు. అమ్మేటప్పుడే మోసపోతారు. ఈ ఇంట్లో పాత కారు సి-బుక్కు ఆమె పేరు మీదే ఉంది. బ్రోకరు రెండు ఫారాలు తెచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా. మిగతాది మేం రాసుకుంటాం" అన్నాడు.

ఆమె కూడబలుక్కుని చదివింది. ఫారం 29, ఫారం 30. కారు పేరు మార్చే ఫారాలు. కొన్నవారి పేరు దగ్గర ఖాళీ! తేదీ దగ్గర ఖాళీ!

"పేరు రాయండి, తేదీ వెయ్యండి. అప్పుడే సంతకం పెడతాను" అంది.

ఎందుకంత పట్టుదల? కారు చేయి మారినా సి-బుక్కులో పేరు మారకపోతే, చట్టం దృష్టిలో యజమాని పాతవారే. ఈ మాట 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కొన్నవాడు ఇన్సూరెన్సు లేకుండా తోలి ఎవరినైనా గుద్దితే, పరిహారం పాత యజమాని మెడకు చుట్టుకుంటుంది. కారు పోయింది, డబ్బూ ఖర్చయింది, కాని కోర్టు నోటీసు మాత్రం ఇంటికొస్తుంది.

అమ్మిన వారు 14 రోజుల్లోగా ఆర్టీవో ఆఫీసుకు తెలపాలి. ఇచ్చిన కాగితాలకు నకలు, రశీదు దాచుకోవాలి. పేరు మారిందో లేదో మళ్లీ చూసుకోవాలి. ఇన్సూరెన్సు కూడా కొన్నవారి పేరుకు మారాలి.

అక్కలారా! ఇవి గుర్తు పెట్టుకోండి.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.
మొత్తం ఎంత కట్టాలో తెలియకుండా అప్పు తీసుకోకండి.
పేరు మారేదాకా అమ్మకం పూర్తి కాలేదనుకోండి.

ఒకప్పుడు వేలిముద్ర వేయమంటే వేసేవారు. ఏమి రాశారో తెలిసేది కాదు. ఇప్పుడు చదువు వచ్చింది. కారు లేకపోతే మోటారు సైకిలు, ఆటో, ట్రాక్టరు ఉంటుంది. ఈ రోజే ఇంట్లో ఉన్న బండి సి-బుక్కు తీయండి. ఎవరి పేరు ఉందో, ఇన్సూరెన్సు ఎప్పటి వరకు ఉందో చదవండి. కూడబలుక్కునైనా సరే, మీరే చదవండి.