పెద్దమ్మ తన ఫోటోని గుర్తుపట్టలేదు
(ప్రసంగ పాఠం)

తెనాలి, బాపట్ల, రేపల్లె నుంచి వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సంఘం పెద్దలు నన్ను హాస్టల్ గురించి మాట్లాడమన్నారు. హాస్టల్లో నేనెలాంటిదాన్నో నా పిల్లలు ఎటూ చాటుగా మీకు చెప్తారు. అందుకని మేం కొందరం కలిసి వేసిన ఫోటోల పుస్తకం గురించి చెప్తాను. అందులో చేసిన తప్పులే ఎక్కువ చెప్తాను.

మొదటి ప్రూఫ్ పట్టుకుని రేపల్లె వైపు మడ అడవుల దగ్గర ఉండే ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. పీతల బుట్టతో ఆమె ఫోటో పేజీ నిండా వేశాం. చూసి, "ఎవరే ఈమె?" అంది. పరాచికం కాదు, నిజంగానే అడిగింది. డీటీపీ అబ్బాయి ఆమె మొహాన్ని తెల్లగా చేసేశాడు. మంచి మనసుతోనే చేశాడు, పెళ్లి ఆల్బమ్‌లకి అలాగే చేస్తారట. వద్దని, ఉన్న రంగే ఉంచమన్నాం. రెండో ప్రూఫ్‌లో మొహం మసిలా వచ్చింది, కళ్లు కూడా కనపడలేదు.

కారణం తర్వాత తెలిసింది. ఫోన్ తెర వెనక వెలుగు ఉంటుంది, కాగితానికి ఉండదు. పైగా సిరా కాగితం మీద కొంచెం పాకుతుంది, నల్లటి చోట్లన్నీ కలిసిపోతాయి. మన ఒంటి రంగుకి ఆ దెబ్బ ఎక్కువ తగులుతుంది. మొహం మొత్తాన్ని తెల్లబరచకూడదు, నీడ పడ్డ చోట మాత్రమే కాస్త వెలుగు పెంచాలి. తర్వాత, పుస్తకం ఏ కాగితం మీద వేస్తారో ఆ కాగితం మీదే ఒక్క షీటు వేయించి, బయట ఎండలో పట్టుకుని చూడాలి. మూడోసారి పెద్దమ్మ నవ్వింది. "ముక్కుపుడక కూడా కనపడతందే" అంది.

ఇంత పట్టుదల ఎందుకంటారా? మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు వేశాడు. అందులో యానాదుల గురించీ ఉంది. ఆయన మనుషుల ముక్కులూ తలలూ కొలిచిన మనిషి. అలాంటి పుస్తకాల్లో ఫోటో కింద తెగ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఎరుకలవారి సంగతి చూడండి. బాపట్ల పక్కన స్టూవర్టుపురాన్ని నేరస్థ తెగల చట్టం రోజుల్లో సెటిల్‌మెంటుగా పెట్టారు. ఆ చట్టం 1952లో పోయింది, సినిమాల్లో మాత్రం ఆ ఊరు ఇంకా దొంగల ఊరే. అందుకే మా పుస్తకంలో ప్రతి ఫోటో కిందా పేరు ఉండాలనుకున్నాం.

అక్కడే ఇంకో తప్పు జరిగింది. పేర్లన్నీ నేను ఫోన్లో టైప్ చేసి పంపాను. ప్రెస్‌లో వాడేది అను ఫాంట్లు. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోయాయి. ఒక తాత పేరు మారిపోయింది, అచ్చయ్యాక గానీ చూసుకోలేదు. 300 కాపీల్లో పెన్నుతో నేనే దిద్దాను. బి.ఎడ్. చదివినదాన్ని, పిల్లల నోట్సుల్లో వత్తులు దిద్దేదాన్ని!

పేజీల లెక్క కూడా ముందు తెలియదు. మాకు 52 పేజీలు వచ్చాయి. 16 పేజీలు ఒక ఫారం కాబట్టి 48 చేయండి, లేదా 64 చేయండి అన్నారు. 64కి డబ్బు లేదు. నాలుగు పేజీలు తీయాలి. ముఖ్య అతిథుల సందేశాలూ, దండల ఫోటోలూ ఉన్న పేజీలు తీసేశాను. దానికి ఇప్పటికీ మాటలు పడుతున్నాను, పడతాను.

సూర్యలంక బీచ్‌లో తీసిన గ్రూప్ ఫోటోని రెండు పేజీల మీద పరిచాం. గమ్ము బైండింగ్ కదా, మధ్యలో నిలబడ్డ పాప మొహం మడతలోకి వెళ్లిపోయింది. "నేనేది మేడం?" అని అడిగింది. పుస్తకం విరిచి చూపించాల్సి వచ్చింది. రెండు పేజీల ఫోటో వేస్తే మడత దగ్గర మనిషి లేకుండా చూసుకోండి.

ఒక్క ఫోటో విషయం మాత్రం నాకింకా తేలలేదు. వరిచేలో ఎలకబుట్ట పెట్టే ఒక మామయ్య, పట్టిన ఎలకతో నిలబడ్డ ఫోటో. పుస్తకంలో అన్నిటికన్నా బాగా వచ్చిందది. ఇంటర్ చదివే ఆయన కూతురు నా దగ్గరికొచ్చి, "కాలేజీలో నవ్వుతారు, తీసేయండి అక్కా" అని ఏడ్చింది. ఆయన్ని అడిగితే, "నేను చేసే పని అదే. రైతు పిలిస్తేనే ఎల్లాను, దొంగతనం కాదుగా. ఉంచు" అన్నాడు. ఫోటో ఆయనది, ఆయన మాటే చెల్లాలి. కానీ ఆ పిల్ల రేపు కాలేజీ మానేస్తే? వార్డెన్ బుర్ర కదా, అటే పోయింది. తీసేశాను. ఆ మామయ్య ఇప్పుడు నాతో సరిగా మాట్లాడడు. మొన్న ఆ పిల్లే పుస్తకం తిరగేసి, "నాన్నది లేదేంటి?" అంది.

రెండో పుస్తకానికి ఫోటోలు కావాలి. వాట్సప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది. 8 అంగుళాల వెడల్పున అచ్చు బాగా రావాలంటే 2400 పిక్సెళ్లు ఉండాలి. అందుకని డాక్యుమెంట్‌గా పంపండి. పేరు మాత్రం కాగితం మీద చేత్తో రాసి, ఆ మనిషికే చదివి వినిపించి, ఫోటో వేసుకోవచ్చా అని అడిగి తీసుకురండి. ఇంట్లో వాళ్లని కూడా అడగండి. ఆ మామయ్య దగ్గరికి నేనే వెళ్తాను, ఈసారి కూతుర్ని కూడా పక్కన కూర్చోబెట్టి అడుగుతాను.