సంఘ మెవరిది? చావడి యెవరిది?



కంప్యూటరుచేత పని చేయించు ఆజ్ఞల సముదాయమునకు సాఫ్టువేరని పేరు. దాని మూలపాఠమును దాచిపెట్టక, చదువుటకును, దిద్దుటకును, పంచుకొనుటకును ఎల్లరకు ననుమతి నొసగినచో నది ఓపెన్ సోర్సు. ఊరి చెఱువువలె నది పలువురి కష్టముచే నిలుచును. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన నాకీ విచార మేల యందురా? తాళపత్ర ప్రతిని పెట్టెలో దాచినవాని వలన విద్య యెట్లు క్షీణించునో నే నెఱుగుదును.

ఈ పనివారు దేశదేశములవారు. ఒకరి ముఖ మొక రెఱుగరు. కావున వారు మాటలాడుకొను చోటే వారికి చావడి. దాని తాళపుచెవి యెవరి యొద్ద నుండవలెను?

ఒక వృత్తాంతము వినుడు. లేఖలకును, లెక్కలకును పనికివచ్చు ఓపెన్ ఆఫీస్ మూలపాఠమును సన్ మైక్రోసిస్టమ్స్ అను అమెరికా కంపెనీ 2000 సంవత్సరమున లోకమునకు విడిచెను. దానిచుట్టు నొక సంఘ మేర్పడెను. అయినను పేరు కంపెనీ చేతనే యుండెను. 2010 జనవరిలో ఆ కంపెనీని ఒరాకిల్ కొనెను. ఆ యేటనే సెప్టెంబరు 28వ తేదీని సంఘములోని పలువురు డాక్యుమెంట్ ఫౌండేషన్ అను సంస్థను ప్రకటించి, ఆ మూలపాఠమునే గైకొని లిబ్రెఆఫీసును ఆరంభించిరి. అక్టోబరులో, క్రొత్త సంస్థలో చేరినవారు పాత సంఘసభను విడువవలసినదని ఒరాకిల్ పక్షమువారు కోరిరి. సంఘమున నెవరుండవలెనో నిర్ణయించువారు పేరు గలవారా, పని చేయువారా? ప్రశ్న యంతయు నిదియే.

పనివారు పలువురు తరలిపోయిరి. మూలపాఠము వారి వెంట వచ్చినది, పేరు రాలేదు. ఇది స్వల్పనష్టము గాదు, పేరు నెఱిగియే గదా క్రొత్తవారు వచ్చుట! 2011లో ఒరాకిల్ ఓపెన్ ఆఫీసును అపాచీ సంస్థ కప్పగించెను. 2012లో క్రొత్త సంస్థ జర్మనీలో చట్టబద్ధమయ్యెను. అందు పాటుపడినవారే సభ్యులై పాలకులను ఎన్నుకొందురు. లిబ్రెఆఫీసు నేడు తెలుగునను లభించుచున్నది.

2021 మే నెలలోను ఇట్టిదే జరిగినది. ఫ్రీనోడ్ అను సంభాషణశాలను నడుపుచుండిన స్వచ్ఛందసేవకులు, దాని యాజమాన్యముపై వివాదము పుట్టగా విడివడి లిబెరా చాట్ అను దానిని స్థాపించిరి. అనేక సంఘములు వారి వెంట నడచినవి.

వ్యయము భరించువానికి హక్కు లేదా యని యడుగవచ్చును. కలదు. కాని యతడు కట్టడమునకే యజమాని. అందు గూడు జనమునకు గాడు. అట్లని పనివారు అలిగి లేచిపోవుటయే ధర్మ మనియు నేననను. లేచిపోవుట కడపటి యుపాయము. అందు నుభయులకు నష్టమే.

పెద్దలారా! గ్రంథాలయమైనను, సహకార సంఘమైనను న్యాయ మొక్కటే. పేరెవరిది, తాళపుచెవి యెవరి యొద్ద, సభ్యు డెవడు, పెద్దల నెన్నుకొనువా రెవరు? ఈ నాలుగును స్నేహము చెడకమునుపే కాగితముపై వ్రాసికొనుడు. చెడిన పిదప వ్రాయబూనినచో, కలము పట్టువా డెవడను దానిపైననే తగవు వచ్చును.