పులి ఎటు పోతుంది? ఏ కెమెరా ఆన్ చేయాలి?

ఇయ్యాల టాపిక్ మన ఉట్నూర్‌దే. జానీ గుర్తుందా? 2024 అక్టోబర్‌లో మహారాష్ట్ర కిన్వట్ వైపు నుంచి తోడు కోసం బయల్దేరిన మగ పులి. బోథ్, కుంటాల, సారంగాపూర్, మామడ, పెంబి తిరిగి నవంబర్‌కు ఉట్నూర్ అడవుల్లోకి వచ్చింది. అప్పుడు అందరిదీ ఒకటే ప్రశ్న: ఇప్పుడు ఎక్కడుంది?

చిన్న లెక్క చూడండి. పులి గంటకు 3 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. కనబడి గంటే అయితే వెతకాల్సింది సుమారు 28 చదరపు కిలోమీటర్లు. నాలుగు గంటలైతే? 452!

మామూలు కెమెరా ట్రాప్ ఒంటి వేడి కదిలితే ఫొటో తీసి కార్డులో దాచుకుంటుంది. మనిషి పోయి కార్డు తెచ్చేసరికి పులి మండలమే దాటుతుంది. ఫొటో వెంటనే పంపే కెమెరాలూ ఉన్నాయి, కానీ బ్యాటరీ తింటాయి. 20 కెమెరాలు పెట్టాం, ఒకసారికి 5 మాత్రమే ఆన్ చేయగలం అనుకోండి. ఐదింటిని ఎన్నుకోవడానికి 15,504 దారులు.

దగ్గరున్న ఐదు ఆన్ చేస్తే అయిపోదా? కాదు. అయిదూ ఒకే వాగు వెంట ఉంటే అన్నీ ఒకటే ముచ్చట చెప్తాయి. ఒకే ఫొటో ఐదు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చినట్టు. అందుకే ముందు ఎక్కువ సంగతి చెప్పే ఒక కెమెరా తీసుకో. అది చెప్పేది పక్కన పెట్టి, కొత్త సంగతి ఎక్కువ చెప్పే రెండోది తీసుకో. ఇట్లా ఐదు. దీన్నే గ్రీడీ అల్గారిథం అంటారు. కెమెరాలు పెరిగే కొద్దీ కొత్తగా తెలిసేది తగ్గుతూ పోయే లెక్కల్లో, ఇది బెస్ట్ జవాబులో కనీసం 63 శాతం ఇస్తుందని 1978లోనే నిరూపించారు. ఇంత సింపుల్ పద్ధతికి ఇంత గ్యారంటీ రావడం నాకైతే ఇప్పటికీ వింతే. ఇంకో మాట, ఆన్‌లో ఉన్న కెమెరాకు పులి పడలేదంటే అదీ సమాచారమే.

కానీ అసలు విషయం వేరే ఉంది. 'ఎక్కువ సంగతి' అంటే ఏంది? అది అల్గారిథం చెప్పదు, మనమే చెప్పాలి. 2024 నవంబర్ 29న కాగజ్‌నగర్ దగ్గర గన్నారంలో పత్తి చేనులో పనిచేస్తున్న యువతిని పులి చంపింది. పులి లోపలి అడవిలో ఏ చెట్టు కింద ఉందో తెలియకపోయినా నడుస్తుంది. చేను వైపు వస్తుందా లేదా, అది తెలియాలి. కాబట్టి పులి వచ్చే ఛాన్స్ 10 శాతమే ఉన్నా సరే, అడవికీ పత్తి చేనుకీ మధ్య బాట మీది కెమెరాకు నేనైతే ఎక్కువ మార్కులేస్తా. దాని బ్యాటరీ రాత్రంతా దాచి, తెల్లారగట్ల నాలుగింటికి ఆన్ చేస్తా. పత్తి ఏరేవాళ్లు ఇల్లు కదలకముందే ఆ మెసేజ్ గూడేనికి చేరాలి గదా.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే పైథాన్‌లో రాసి రన్ చేద్దాం.